ఆంపియర్లు డెలివరీ తేదీని బట్టి కాదు, ఎలక్ట్రోడ్ ముఖాన్ని బట్టి

మహారాష్ట్రలోని చంద్రాపూర్ పారిశ్రామికవాడ (ఎంఐడీసీ)లో అద్దె షెడ్డు నడుపుతున్న ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నాను. కొత్తవాళ్ళకి ఒక మాట: స్పార్క్ మిషన్ (ఈడీఎం) అంటే ఆయిల్లో ముంచిన స్టీలు దగ్గరికి రాగి లేదా గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌ని దింపి, నడుమ స్పార్కులు కొట్టించి, ఆ ఎలక్ట్రోడ్ ఆకారంలోనే స్టీలుని తినిపించే మిషన్.

"అన్నా, మాది బల్లార్షా. నాన్న బొగ్గు గనిలో చేసి రిటైరయ్యారు. ఆ డబ్బుల్లో కొంత పెట్టి పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో 25 ఆంపియర్ల స్పార్క్ మిషన్ కొన్నాను. మొదటి పెద్ద ఆర్డరు సబ్బు పెట్టె మోల్డు, పీ20 స్టీలు. మూత క్యావిటీ (మూత ఆకారపు గుంత) 90 బై 60 మిల్లీమీటర్లు, నడుమ కొద్దిగా ఉబ్బు ఉంటుంది, దానికి గ్రాఫైట్ వాడాను. రిబ్బుల (మూత లోపలి సన్నటి బలపు పట్టీల) గాడులకి రాగి పట్టీ, 40 మిల్లీమీటర్ల పొడవు, ఒకటిన్నర మందం, 12 లోతు. టైమ్ లేదని 20 ఆంపియర్లు పెట్టి నడిపాను. రాగి మూలలు గుండ్రంగా అరిగిపోయాయి, ఒకటిన్నర రావాల్సిన గాడి 1.9 వచ్చింది. గ్రాఫైట్‌తో చేసిన దాంట్లో సరిగ్గా నడిమధ్యన నల్లగా గుంట పడింది. పార్టీ తీసుకోనంటున్నాడు. రాగి మంచిదా, గ్రాఫైట్ మంచిదా? ఎంత కరెంటు పెట్టాలి? పంపు బాడీలో విరిగిన ఎం8 ట్యాపు (మర కోసే టూలు) తీయమని ఒకరు, కార్బైడ్ డై సరిచేయమని ఇంకొకరు అడుగుతున్నారు, వాటికేం వాడాలి? ట్యాంకులో ప్రస్తుతం కిరోసిన్ పోసి నడుపుతున్నాను."

తమ్ముడూ, రాగి మంచిదా గ్రాఫైట్ మంచిదా అన్న ప్రశ్న కాసేపు పక్కన పెట్టు. నీకు పాడైన రెండు చోట్లా ఎలక్ట్రోడ్ మెటల్ తప్పేమీ లేదు. రిబ్బుకి రాగి సరైనదే, పెద్ద క్యావిటీకి గ్రాఫైట్ కూడా సరైనదే. కరెంటు నాబ్‌ని నువ్వు డెలివరీ తేదీ చూసి తిప్పావు, అక్కడే దెబ్బ తగిలింది. దాన్ని తిప్పాల్సింది ఆ నిమిషంలో ఎలక్ట్రోడ్ ముఖం ఎంత మేర జాబ్‌కి, అంటే పని చేసే స్టీలుకి, ఎదురుగా ఉందో చూసి.

లెక్క చేసి చూపిస్తాను, పెద్ద కష్టమేమీ కాదు. నీ రాగి పట్టీ ముఖం 40 బై 1.5, అంటే 60 చదరపు మిల్లీమీటర్లు, అంటే 0.6 చదరపు సెంటీమీటర్. టూల్ రూముల్లో అందరూ పాటించే మోటు లెక్క ఏమిటంటే చదరపు సెంటీమీటరుకి 10 ఆంపియర్లు దాటకూడదు, అది కూడా ఫ్లషింగ్ (ఆయిలు కొట్టి మురికి కడగడం) బాగా ఉన్నప్పుడు. అంటే నీ పట్టీకి ఆరు ఆంపియర్లే పైహద్దు. నువ్వు పెట్టింది ఇరవై. చదరపు సెంటీమీటరుకి 33 పడింది. అంత సన్నటి గాడిలో, పన్నెండు మిల్లీమీటర్ల లోతులో అంత కరెంటు పోస్తే కరిగిన స్టీలు రేణువులు, గ్యాసు బుడగలు బయటికి పోవడానికి దారి ఉండదు, అవి అక్కడే సుడి తిరుగుతాయి, స్పార్కు ముఖమంతా తిరగడం మానేసి పక్క గోడల మీద, మూలల మీద పడుతుంది. మూలలు గుండ్రమైనదీ అందుకే, గాడి వెడల్పైనదీ అందుకే.

వెడల్పు విషయంలో ఇంకో పొరపాటు కూడా చేశావు. ఒకటిన్నర గాడికి ఒకటిన్నర పట్టీయే పెట్టావు. స్పార్కుకి రెండు పక్కలా గ్యాప్ కావాలి కదా, పట్టీ గాడి కంటే సన్నగా ఉండాలి. ఎంత సన్నగా అనేది కరెంటును బట్టి ఉంటుంది. ఇరవై ఆంపియర్ల దగ్గర పక్కకి 0.15 నుంచి 0.2 దాకా తినేస్తుంది, నీ 1.9 లెక్క అక్కడే సరిపోయింది చూడు. మూడు నాలుగు ఆంపియర్ల దగ్గర పక్కకి 0.05, 0.06 దగ్గర ఉంటుంది. కాబట్టి పట్టీని 1.38, 1.4 దగ్గర చేసుకో. నా అంకెను కూడా గుడ్డిగా నమ్మొద్దు, ఒక్కో మిషన్ ఒక్కో రకంగా తింటుంది. అదే పీ20 ముక్క మీద అదే కరెంటుతో మూడు మిల్లీమీటర్లు దింపి, పట్టీని, గాడిని కొలిచి, ఆ తేడాని గోడ మీద రాసి పెట్టుకో.

ఇక నడిమధ్య గుంట సంగతి. 90 బై 60 అంటే 54 చదరపు సెంటీమీటర్లు, దానికి 20 ఆంపియర్లు చాలా తక్కువే కదా, మరి ఎందుకు కాలింది అని నీకు అనుమానం రావాలి. అనుమానం సరైనదే. కానీ నీ ఎలక్ట్రోడ్ ఉబ్బుగా ఉంది. కిందికి దిగిన మొదటి క్షణంలో జాబ్‌ని తాకేది 54 చదరపు సెంటీమీటర్లు కాదు, ఉబ్బు కొసన అగ్గిపుల్ల తలంత మేర. మొత్తం ఇరవై ఆంపియర్లు ఆ ఒక్క చోట పడ్డాయి. పైగా పక్కల నుంచి కొట్టే ఆయిలు నడిమధ్యకి చేరేసరికి బలం పోతుంది, అక్కడి మురికి అక్కడే ఉంటుంది. ఆ మురికిలో స్పార్కు ఆర్క్‌గా మారింది, అంటే తెగి తెగి పడాల్సిన కరెంటు తెగకుండా ఒకే చోట నిలబడిపోయింది.

ఆర్క్ పడుతోందని తెలుసుకోవడానికి జాబ్ విప్పి చూడక్కర్లేదు. బాగా నడుస్తున్న మిషన్ దగ్గర నిలబడితే చిటపట ఒకే తీరున వినిపిస్తుంది, వేడి పెనం మీద పోపు వేసినట్టు. ఆయిల్లో సన్నటి బుడగలు సమానంగా పైకి వస్తుంటాయి, వోల్టు మీటరు ముల్లు కొద్ది కొద్దిగా ఆడుతూ ఉంటుంది. ఆర్క్ మొదలవగానే చప్పుడు మొద్దుబారుతుంది, ముల్లు కిందికి పడి అక్కడే ఉండిపోతుంది, బుడగలన్నీ ఒకే చోటి నుంచి పొగతో సహా ఎగదన్నుకొస్తాయి. ఆ పది సెకన్లలో స్విచ్ ఆపి, క్విల్ (ఎలక్ట్రోడ్‌ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే భాగం) పైకి లేపి, ఎలక్ట్రోడ్ కొసన అంటిన నల్లటి బొడిపెని ఎమరీతో తీసేస్తే జాబ్ దక్కుతుంది. అలా తీయకుండా మళ్ళీ దింపితే స్పార్కు ఆ బొడిపె దగ్గరికే వెతుక్కుంటూ పోతుంది. నేను హైదరాబాద్ బాలానగర్‌లో పని నేర్చుకున్న కొత్తలో రాత్రి షిఫ్టులో మిషన్ పెట్టి టీకి పోయి వచ్చేసరికి ఒక డై మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల లోతు గుంట పడింది. మేస్త్రి తిట్టలేదు, ఆ డైని నా చేతే వెల్డింగ్‌కి మోయించి, తిరిగి నా చేతే గ్రైండ్ చేయించాడు. అప్పటి నుంచి మొదటి అరగంట మిషన్ వదిలి ఎటూ పోలేదు.

కాబట్టి ఉబ్బు ఎలక్ట్రోడ్‌ని రెండు మూడు ఆంపియర్లతో మొదలు పెట్టు. మిల్లీమీటరు దిగాక ఆపి, లేపి, ముఖం మీద ఎంత మేర నల్లబడిందో చూడు, ఆ నల్లబడిన మేరకి స్కేలు పెట్టి కొలిచి కరెంటు పెంచు. మళ్ళీ కాస్త దిగాక మళ్ళీ పెంచు. మొత్తం ముఖం పనిలోకి వచ్చాక 25 దాకా పోవచ్చు, నీ మిషన్‌కి అంతకంటే ఎక్కువ లేదు కూడా. గ్రాఫైట్ మధ్యలో రెండు, రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం వేసి అందులోంచి ఆయిలు పంపు. ఆ రంధ్రం ఉన్న చోట జాబ్‌లో చిన్న మొలక మిగిలిపోతుంది, భయపడకు, చివర్లో రాయితో రుద్దితే పోతుంది. పంపు ప్రెషర్ మరీ ఎక్కువ పెట్టొద్దు. మురికి పోవడానికి ఎంత కావాలో అంతే చాలు, బలంగా కొడితే ఎలక్ట్రోడ్ అరుగుదల పెరుగుతుంది. ఎలక్ట్రోడ్ మధ్యమధ్య పైకి లేచే జంప్ సెట్టింగు నీ మిషన్‌లో ఉంటుంది, లోతు పెరిగేకొద్దీ దాన్ని తరచుగా పెట్టుకో. రిబ్బు పట్టీకి రంధ్రం వేయలేవు కాబట్టి అక్కడ నీకు దిక్కు ఆ జంప్ ఒక్కటే.

ఇంకో మాట, ఆ క్యావిటీని మొత్తం స్పార్కుతోనే తీశావని ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. 90 బై 60 బై 20 లోతు అనుకుంటే లక్షా ఎనిమిది వేల ఘన మిల్లీమీటర్ల స్టీలు. ఆంపియరుకి నిమిషానికి ఐదు ఘన మిల్లీమీటర్లు పోతుందని లెక్క వేసుకున్నా 25 ఆంపియర్ల మీద పద్నాలుగు గంటలు దాటుతుంది. పీ20 ఎలాగూ మిల్లింగ్‌కి (కట్టర్‌తో కోయడానికి) లొంగే స్టీలే, గట్టిదనం ముప్పై రాక్‌వెల్ అటూ ఇటూ ఉంటుంది. మిల్లింగ్‌లో అర మిల్లీమీటరు వదిలి మిగతాదంతా తీసేసి అప్పుడు స్పార్క్ మిషన్ మీదికి ఎక్కించు. నీకు టైమ్ మిగలాల్సింది అక్కడ, ఆంపియర్లు పెంచి కాదు.

ఇప్పుడు రాగి, గ్రాఫైట్ సంగతికి వద్దాం. 1943లో సోవియట్ యూనియన్‌లో లజరెంకో దంపతులు స్విచ్ కాంటాక్టులు స్పార్కుకి అరిగిపోకుండా ఎలా ఆపాలా అని పరిశోధిస్తూ, ఆ అరుగుదలనే పనికి వాడుకోవచ్చని కనిపెట్టారు, మన మిషన్ పుట్టింది అక్కడే. జాబ్‌ని తినే స్పార్కే ఎలక్ట్రోడ్‌ని కూడా తింటుంది, ఏది ఎక్కువ తినాలన్నది పొలారిటీ (ఎలక్ట్రోడ్ పాజిటివా, నెగెటివా), ఆన్ టైమ్ (ఒక్కో స్పార్కులో కరెంటు పారే సమయం), మెటల్ కలిసి తేలుస్తాయి. రాగి 1085 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, స్టీలు సుమారు 1450 దాకా ఆగుతుంది. మరి స్టీలు ముందు పోయి రాగి ఎందుకు నిలుస్తుంది? రాగి వేడిని ఒక చోట నిలవనివ్వదు, పడగానే ఒళ్ళంతా పంచేసుకుంటుంది, పీ20 కంటే పది రెట్లకు పైగా వేగంగా. దానికి తోడు ఎలక్ట్రోడ్ పాజిటివ్‌లో ఉండి ఆన్ టైమ్ పొడుగ్గా ఉంటే ఆయిల్లోంచి విడిన కార్బన్ సన్నటి పొరలా రాగి ముఖానికి అంటుకుని కవచంలా కాపాడుతుంది. ఆన్ టైమ్ తగ్గించావంటే ఆ పొర కట్టదు, అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుంది. నువ్వు ఆన్ టైమ్ ఎంత పెట్టావో రాయలేదు. మూడు నాలుగు ఆంపియర్లకి 50 నుంచి 100 మైక్రోసెకన్ల మధ్య, ఇరవైకి 200 పైన, ఒకటి రెండు ఆంపియర్ల ఫినిషింగ్‌కి పది ఇరవై మైక్రోసెకన్లు, ఇలా మొదలుపెట్టి నీ మిషన్ చార్టుతో సరిచూసుకో. ఫినిషింగ్‌లో రాగి అరుగుతుంది, అది తప్పదు, అందుకే చివరి పాసుకి కొత్త పట్టీ పెట్టుకోవాలి.

పాత మిషన్లలో పొలారిటీ స్విచ్ మీద రాత చెరిగిపోయి ఉంటుంది, లేదా ముందు ఓనరు వైర్లు మార్చేసి ఉంటాడు. తుక్కు స్టీలు మీద ఒక్కో పొజిషన్‌లో పది నిమిషాలు నడిపి రాగి ఎంత తగ్గిందో మైక్రోమీటరుతో చూడు. పొడుగు ఆన్ టైమ్‌లో తక్కువ అరిగిందే నీకు కావాల్సిన పొజిషన్.

గ్రాఫైట్ అసలు కరగదు, 3500 డిగ్రీలు దాటాక నేరుగా ఆవిరవుతుంది. కరెంటు పెంచినప్పుడు రాగికి అరుగుదల పెరుగుతుంటే గ్రాఫైట్ ఇంకా నిలకడగా ఉంటుంది, అందుకే పెద్ద ముఖాలు, ఎక్కువ ఆంపియర్లు దానివి. బరువు కూడా రాగిలో ఐదో వంతే, నీ క్విల్ మీద భారం పడదు. అయితే గ్రాఫైట్ అని అడిగితే కొట్టువాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు. రేణువు సైజు అడుగు. పది ఇరవై మైక్రాన్ల ముతకది రఫింగ్‌కి సరిపోతుంది, ఫినిషింగ్‌కి ఐదు మైక్రాన్ల లోపుది కావాలి. ఫర్నేస్ ఎలక్ట్రోడ్ల విరిగిన ముక్కలు చంద్రాపూర్ వైపు తుక్కు దుకాణాల్లో చవగ్గా దొరకొచ్చు, వాటి జోలికి పోవద్దు, అవి ముతకగా, లోపల గుల్లగా ఉంటాయి, అంచులు పెచ్చులుగా రాలి, రాలిన పెచ్చు గ్యాప్‌లో పడి మళ్ళీ ఆర్క్ పెడుతుంది.

గ్రాఫైట్ పొడి గురించి గట్టిగా చెప్పాలి. అది కరెంటు పారే పొడి. మిల్లింగ్ మీద గ్రాఫైట్ కొట్టేటప్పుడు లేచిన మసి పక్కనున్న కంట్రోల్ ప్యానెల్‌లోకి దూరితే బోర్డులు కాలిపోతాయి, లేత్ బెడ్ మీద పడితే నూనెతో కలిసి సాన పేస్టులా స్లైడులని అరగదీస్తుంది. నీ షెడ్డులో దుమ్ము లాగే వాక్యూమ్ లేకపోతే ఎలక్ట్రోడ్‌ని నాగపూర్ దగ్గరి హింగణా వైపో బాలానగర్‌లోనో చేయించుకుని తెచ్చుకో. వాక్యూమ్ పెట్టుకున్నా ముక్కుకి మాస్క్ మాత్రం ఉండాలి.

రాగికి తుక్కు కరిగించి పోసిన కడ్డీలు కొనవద్దు. కరెంటు ప్యానెళ్ళకి వాడే బస్‌బార్ పట్టీ అడుగు, అది ఎలక్ట్రోలైటిక్ రాగి, నీ ఊళ్ళోనే దొరుకుతుంది, రిబ్బులకి అదే చాలు. కోసేటప్పుడు టూలుకి అతుక్కుంటుంది, అంచులకి బర్ (పదునైన సన్న పొర) వస్తుంది, ఆ బర్ తీయకుండా దింపితే మొదటి స్పార్కులన్నీ దాని మీదే పడతాయి. రిబ్బు ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటే రాగి వేడికి వంగుతుంది, అప్పుడు సన్న రేణువు గ్రాఫైట్ గానీ కాపర్ టంగ్‌స్టన్ గానీ తీసుకో. ఇత్తడి మోల్డు పనికి వద్దు, దాని అరుగుదలకి సైజు నిలబడదు.

ఇత్తడి పనికొచ్చే చోటు నీ ఎం8 ట్యాపు. అక్కడ ఫినిష్ అక్కర్లేదు, ఎలక్ట్రోడ్ అరిగినా బాధ లేదు, కాబట్టి పైన చెప్పిన పది ఆంపియర్ల లెక్క కూడా సడలించొచ్చు. నాలుగున్నర మిల్లీమీటర్ల ఇత్తడి ట్యూబు, లోపలి నుంచి ఆయిలు, నాలుగైదు ఆంపియర్లు. ట్యాపు నడుము మాత్రమే తినిపించు, మిగిలిన మూడు నాలుగు రెక్కలు విడిపోయి పట్టకారకి వచ్చేస్తాయి. ట్యూబు ట్యాపు సెంటర్‌లో దిగుతోందో లేదో డయల్ పెట్టి చూసుకోకపోతే పంపు బాడీ మర తినేస్తుంది, జాగ్రత్త.

కార్బైడ్ (స్టీలు కంటే చాలా గట్టి టూలు లోహం) పని ఇప్పుడే ఒప్పుకోవద్దు. దానికి 70 శాతం టంగ్‌స్టన్ ఉన్న కాపర్ టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ కావాలి, పొలారిటీ తిప్పి నెగెటివ్ పెట్టాలి, కరెంటు తక్కువ, ఆన్ టైమ్ పొట్టి. కొంచెం ఎక్కువైనా పైకి కనిపించని పగుళ్ళు పడి రేపు ప్రెస్ మీద ముక్కలవుతుంది. ఆరు నెలలు స్టీలు మీద చేయి తిరిగాక చూద్దాం.

పాడైన జాబ్‌ని ఏం చేయాలో కూడా అడగాల్సింది నువ్వు. 1.9 రిబ్బు అలాగే వదిలేస్తే మూత పైన రిబ్బు వెనకాల పల్లం పడుతుంది, పార్టీ కోపం న్యాయమే. ఆ రిబ్బులున్న చోట పాకెట్ కొట్టి అదే పీ20తో ఇన్సర్ట్ (విడి ముక్క) వేసి కొత్తగా గాడి తీయి. నడిమి గుంట లోతు కొలిచి పార్టీకి చెప్పు, 0.3 లోపయితే మొత్తం అడుగుని అంత దింపడానికి మూత మందం ఒప్పుకుంటుందేమో అడుగు. ఒప్పుకోకపోతే వెల్డింగ్ తప్పదు, పీ20ని వేడి చేయకుండా వెల్డింగ్ పెట్టనివ్వకు.

ఫినిషింగ్‌కి దిగేటప్పుడు 25, 12, 6, 3, ఒకటిన్నర, ఇలా సగం సగం తగ్గించుకుంటూ రా, ప్రతి మెట్టులో ముందు మెట్టు గుంటలు పూర్తిగా పోయేదాకా దింపు. మూత బయట మ్యాట్‌గా కావాలంటే పార్టీని వీడీఐ నంబరు (స్పార్కు వదిలే గరుకుతనానికి కొలత) అడుగు. వీడీఐ 24 అంటే ఆర్ఏ (సగటు గరుకుతనం) 1.6 మైక్రాన్లు, 30 అంటే 3.2 దగ్గర. అప్పుడు పాలిష్ పని కూడా తప్పుతుంది. మెరుపు కావాలంటే మాత్రం స్పార్కు వదిలిన తెల్ల పొరని రాయితో పూర్తిగా తీయాలి. అది కరిగి గడ్డకట్టిన పొర, అడుగు స్టీలు కంటే చాలా గట్టిది, వదిలేస్తే తర్వాత పెచ్చులు లేస్తుంది.

ఆఖరికి కిరోసిన్. ఉత్తరంలో ఈ ముక్క చదివాక నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. కిరోసిన్ ఆవిరి అంటుకునే వేడి 35, 40 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మే నెలలో మీ చంద్రాపూర్‌లో నీడలోనే 45 దాటుతుంది. అంటే మిషన్ స్టార్ట్ చేయకముందే నీ ట్యాంకు మీద అంటుకునే ఆవిరి నిలబడి ఉంటుంది, రేకుల షెడ్డయితే చెప్పనే అక్కర్లేదు. నేను పని చేసిన ఒక షాపులో ఎండాకాలం మధ్యాహ్నం డ్రెయిన్ వాల్వ్ కారి లెవెల్ పడిపోయింది, ఎలక్ట్రోడ్ పైకి తేలి గాలిలో స్పార్కు కొట్టింది. ఫ్లోట్ స్విచ్ ఉంది, కానీ మాటిమాటికీ మిషన్ ఆగుతోందని ఎవరో దాన్ని వైరుతో కట్టేశారు. మంట ఆర్పడానికి పోయిన కుర్రాడి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఆ పిల్లాడు తర్వాత మైక్రోమీటరు పట్టుకోలేకపోయాడు.

రేపే కిరోసిన్ దింపేయి. ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునే వేడి) 100 డిగ్రీలు దాటిన ఈడీఎం ఆయిలు నాగపూర్‌లో దొరుకుతుంది, డబ్బా మీద ఆ అంకె చదివి కొను. ఖర్చు ఎక్కువే, తెలుసు. కొత్త ఆయిలు పోసే ముందు ఫిల్టరు మార్చు, పాత మురికితో నింపితే ఏమీ లాభం ఉండదు. జాబ్ పైన కనీసం 50 మిల్లీమీటర్ల ఆయిలు నిలబడాలి, ఫ్లోట్ స్విచ్ చేత్తో నొక్కి రోజూ పరీక్షించు, డ్రై పౌడర్ సిలిండరు మిషన్ వెనక కాకుండా తలుపు దగ్గర తగిలించు, నీళ్ళు మాత్రం పోయకు. ఇవన్నీ అయ్యాక 1.4 పట్టీతో తుక్కు ముక్క మీద ఒక గాడి తీసి, కరెంటు, ఆన్ టైమ్, పట్టీ ముందు కొలత, తర్వాతి కొలత, గాడి వెడల్పు రాసి నాకు పంపు. ఆ ఐదు అంకెలు చూసి నీ మిషన్‌కి సరిపడే సెట్టింగులు చెప్తాను.